ఖాళీ కనిపించే సంచి

నేను పనికి తీసుకువెళ్లే చేతి పనిముట్లు 43. ఉదయం ఒడిశాలోని గుణుపురంలో ఇంటి దగ్గర బండికి కట్టుకునేటప్పుడు ఎన్ని ఉన్నాయో, సాయంత్రం పని చేసిన చోటు విడిచిపెట్టేటప్పుడు కూడా అన్నే ఉండాలి. ఈ లెక్క ఇప్పుడు ఒక్కొక్కదాన్ని బయటికి తీసి ఎంచనక్కరలేకుండా, రెండు నిమిషాల్లో కంటిచూపుతోనే తేలిపోతుంది. పంపుసెట్లు, ఇంటి వైరింగు, నీటి పైపులు బాగుచేయడం నా వృత్తి. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న కుర్రవాళ్లు ఇద్దరు ముగ్గురు నా సంచులు చూసి వీటిని ఎలా కుట్టించారని అడిగారు కనుక, ఆ వివరమంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందుగా 2014 వేసవిలో జరిగిన సంగతి చెప్పాలి. అప్పట్లో నా సామానంతా ఒకే పెద్ద కాన్వాస్ సంచిలో ఉండేది. బరువైనవి అడుగుకు చేరేవి, తేలికైనవి వాటి సందుల్లో ఇరుక్కునేవి, ఏది కావలసినా మోచేతి వరకు చెయ్యి పెట్టి తడిమి తీసేవాడిని. గుడారి దారిలో ఉన్న ఒక పల్లెలో ఆరున్నర అంగుళాల బోరులోంచి నాలుగంగుళాల మోటారును పైకి తీసి, బాగుచేసి, సాయంత్రానికి మళ్లీ దించాం. 20 అడుగుల ఇనుప పైపులు పది, అంటే 200 అడుగులు. పైన పైపును పట్టి నిలిపే క్లాంపు బిగించి, నీళ్లు పడ్డాయని రైతు సంతోషించి, మజ్జిగ తెప్పించిన తరువాత సామాను ఎత్తుకుంటూ ఉండగా 18–19 పానా (ఒక కొస 18, మరో కొస 19 మిల్లీమీటర్ల బోల్టు తలకు పట్టేది) కనిపించలేదు.

సంచి మొత్తం నేల మీద కుమ్మరించాం. పశువుల శాల, గట్టు, ముళ్లకంప, అన్నీ వెతికాం. రైతు మెల్లగా, "మేస్త్రీ, బోరులో పడ్డదంటావా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. బోరు లోపలి గొట్టమైన కేసింగుకూ మోటారుకూ మధ్య అంగుళం పైచిలుకు సందు ఉంటుంది. ఆ సందులో ఒక పానా జారి అడ్డం పడితే, తరువాత ఎప్పుడైనా మోటారును పైకి లాగేటప్పుడు అది మేకులా బిగుసుకుపోతుంది. బలంగా లాగితే పైపు తెగి, మోటారూ బోరూ రెండూ పోతాయి. ఆ రోజు క్లాంపు బోల్టులను ఆ పానాతో బిగించానా, స్క్రూ స్పానరుతో బిగించానా అన్నది కూడా నాకు నిశ్చయంగా గుర్తు రాలేదు. చీకటి పడుతూ ఉండగా నలుగురు మనుషులను మళ్లీ పిలిచి, టార్చిలైట్ల వెలుగులో పది పైపులనూ పైకి తీశాం. తాడుకు అయస్కాంతం కట్టి దించితే అది ఇనుప కేసింగుకే అతుక్కుంటూ వచ్చింది తప్ప మరేమీ తేలేదు. రెండోసారి పైకి తీయడంలో కేబుల్ ఒరుసుకుపోయి పది అడుగుల మేర మార్చవలసి వచ్చింది. అర్ధరాత్రి దాటిన తరువాత అన్నీ మళ్లీ దించి, నా కూలి పుచ్చుకోకుండా, నలుగురి కూలీ నేనే ఇచ్చి ఇంటికి వచ్చాను.

మర్నాడు ఉదయం ఆ పానా మా ఇంటి వసారాలో, ముందురోజు రాత్రి ఫ్యాను విప్పిన బల్ల కింద, మా అమ్మకు దొరికింది. అది ఆ రోజు ఇల్లే కదలలేదు.

ఆ రోజు నన్ను బాధించినది పానా పోవడం కాదు. అది నాతో వచ్చిందో రాలేదో నేను చెప్పలేకపోవడమే. కావలసినది వెంటనే చేతికి అందడం కోసమే పనిముట్లను సర్దుకుంటామని అంతవరకు అనుకున్నాను. చేతికి అందడం అవసరమే, కానీ అలవాటు పడ్డవాడు చిందరవందరగా ఉన్న సంచిలోంచి కూడా కావలసినదాన్ని తడిమి తీయగలడు. ఉన్నదాన్ని వెతికితే దొరుకుతుంది. లేనిదాన్ని మాత్రం ఎంత వెతికినా అది లేదని తేలదు. లేనిది దానంతట అదే కంటబడే ఏర్పాటు ఉండాలి. ఆ తరువాత నేను కొన్నవీ, కుట్టించినవీ, మార్చినవీ అన్నీ ఈ ఒక్క అవసరం కోసమే.

నిజానికి ఈ ఏర్పాటు మా ఇంట్లోనే ఉండేది. మా నాన్నగారు వడ్రంగి. ఆయన పెట్టె టేకుది, స్వయంగా చేసుకున్నది. మూత లోపలి వైపు రెండు రంపాలు ఉండేవి. వాటిని తిప్పితే పట్టే చిన్న చెక్క బిళ్లలు నిలిపి ఉంచేవి. ఉలులకు వాటి వెడల్పును బట్టి గాళ్లు ఉండేవి. పావు అంగుళం ఉలి గాడిలో అర అంగుళం ఉలి దూరదు. అడుగున చిత్రిక, బాడిస, కొయ్యసుత్తి, పక్కన బరమా, మూలమట్టం. సాయంత్రం పని ముగిసిన తరువాత ఆయన ఎక్కడి దాన్ని అక్కడ పెట్టి, మూత వేయకుండా కొంచెంసేపు ఊరికే చూస్తూ కూర్చునేవారు. అలసట తీర్చుకుంటున్నారని చిన్నప్పుడు అనుకునేవాడిని. ఆయన గాళ్లు చూసుకుంటున్నారని 2014 తరువాత గాని నాకు అర్థం కాలేదు.

ఆ పెట్టె కొలతకు కూడా ఒక కారణం ఉండేది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసి, 1931 నాటికి మా గుణుపురం దాకా పొడిగించిన, పట్టాల మధ్య రెండడుగుల ఆరంగుళాల వెడల్పున్న చిన్న రైలుమార్గం మీద ఆయన పనులకు వెళ్లేవారు. ఆ రైలు పెట్టెలో సీటు కింద పట్టే పొడవూ ఎత్తూ చూసుకుని పెట్టె చేసుకున్నారు. 2004లో ఆ చిన్న రైలు ఆగిపోయి, 2011లో పెద్ద రైలు వచ్చే నాటికి ఆయన దూరపు పనులు మానేశారు. పెట్టె మాత్రం ఇంకా ఉంది, దాన్ని నేను పనికి తీసుకువెళ్లను. నా బండి క్యారియరు వెడల్పుకు అది సరిపోదు. ఏ పెట్టె కొనుక్కునే ముందయినా కొలవవలసినది పనిముట్లను కాదు, దాన్ని మోసే బండినీ, అది దాటవలసిన దారినీ అన్న సంగతి నేను ఆ టేకు పెట్టె నుంచే నేర్చుకున్నాను.

ఇదే పద్ధతిని ఇంకా కచ్చితంగా పాటించే చోటు విమానాల మరమ్మతు. మా రాయగడ జిల్లాకు పొరుగున కోరాపుట్ జిల్లా సునాబెడలో, 1960లలో మిగ్ యుద్ధ విమానాల ఇంజన్ల కోసం వెలసిన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారం ఉంది కనుక, ఈ ప్రాంతపు మెకానిక్కుల మాటల్లో విమానాల ప్రస్తావన తరచుగానే వస్తుంది. విమానాల పనిలో ఒక చిన్న స్క్రూడ్రైవరు ఇంజనులోనో రెక్కలోనో మిగిలిపోతే ప్రాణాపాయం. అందుకని ఆ రంగంలో చాలాచోట్ల పనిముట్ల అరలో రెండు రంగుల నురుగు పలకలు పరుస్తారు. పై పలకను ప్రతి పనిముట్టు ఆకారానికీ కోస్తారు. పనిముట్టు తీయగానే కింది పలక రంగు ఆ ఆకారంలోనే బయటపడుతుంది. అన్ని ఆకారాలూ నిండే వరకు విమానాన్ని కదలనివ్వరు. బోరు మూతి దగ్గర నాకు కావలసినదీ సరిగ్గా ఇదే. అయితే నురుగు పలక బండి మీద ఘాట్ రోడ్డులో నిలవదు, తడిస్తే ఆరదు. దానికి బదులుగా నేను గుడ్డతో చేయించుకున్నాను.

మా బజారులో టార్పాలిన్లు కుట్టే దర్జీ దగ్గర మందపాటి కాన్వాసుతో రెండు చుట్టలు కుట్టించాను. ఒకటి నోరు తెరిచి ఉండే ఓపెన్ పానాలకు, ఒకటి కొస ఉంగరంలా ఉండే రింగ్ పానాలకు. పరిస్తే చాపలా పరచుకుంటుంది, చుడితే మోచేయంత పొడవున కట్టగా మారుతుంది. మొదటిసారి కుట్టించినప్పుడు ఒక తప్పు జరిగింది: జేబులు లోతుగా పెట్టించాను. పానా మొత్తం జేబులో మునిగిపోతే జేబు నిండుగా ఉందో ఖాళీగా ఉందో దూరం నుంచి తెలియదు. రెండోసారి జేబు ఎత్తు తగ్గించి, ప్రతి పానా మూడో వంతు పైకి కనిపించేలా పెట్టించాను. ఆ పైకి కనిపించే భాగం వెనక, చుట్ట పొడవునా, ఎర్రటి గుడ్డపట్టీ ఒకటి కుట్టించాను. పానా ఉంటే ఎరుపు చాలావరకు మరుగుపడుతుంది; తీస్తే వెడల్పుగా ఎర్రగా కనిపిస్తుంది. సాయంత్రపు మసక వెలుతురులో కూడా ఆ ఎరుపు తప్పించుకోలేదు. నేను చెప్పదలచిన విషయాల్లో ఒక్కటే చేయగలిగితే, ఇది చేయండి.

జేబుల వెడల్పు కూడా ఆ పానాకే సరిపోవాలి. 12–13 పానా వెళ్లి 14–15 జేబులో కూర్చోగలిగితే లెక్క సరిపోయినట్టు కనిపిస్తూనే తప్పవుతుంది. మామూలుగా దొరికే ఎనిమిది పానాల సెట్టులో 6–7 మొదలుకొని 8–9, 10–11, 12–13, 14–15, 16–17, 18–19, 20–22 దాకా ఉంటాయి. వాటిని వరస క్రమంలోనే పెట్టాలని అందరూ అంటారు. నేను మాత్రం మూడింటిని వరస నుంచి తప్పించి అంచుకు తెచ్చాను. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు తల 10, ఎనిమిదికి 13. ఈ రెండింటిలో ఎక్కడా పేచీ లేదు. పది మిల్లీమీటర్ల బోల్టు దగ్గరికి వచ్చేసరికి పాత పద్ధతి తల 17, కొత్త పద్ధతి తల 16. పన్నెండు మిల్లీమీటర్లది పాతదయితే 19, కొత్తదయితే 18. మన పల్లెల్లోని పాత మోటార్లకూ, క్లాంపులకూ, చేతిపంపులకూ 17, 19 తలలే ఎక్కువ. కొత్తగా దుకాణం నుంచి తెచ్చిన బోల్టుకు 16 పడుతుంది. అదృష్టవశాత్తూ ఈ నాలుగు కొలతలూ 16–17, 18–19 అనే రెండు పానాల్లోనే ఇమిడి ఉన్నాయి. కనుక ఆ రెండూ, 12–13తో కలిపి, చుట్ట విప్పగానే మొదట కనిపించే అంచున ఉంటాయి. చుట్టను నాలుగు మడతలు విప్పకుండా ఒక్క మడత విప్పితే చాలు, ముప్పాతిక వంతు పని జరిగిపోతుంది.

ఇక బరువు సంగతి. ఒకప్పుడు అయిదు అరల ఇనుప పెట్టె కొన్నాను. అరలు రెండు వైపులా రెక్కల్లా విచ్చుకుని, లోపల ఉన్నదంతా ఒకేసారి కనిపించే ఆ పెట్టె అందం నాకిప్పటికీ ఇష్టమే. ఇంట్లో బల్ల మీద, దుకాణంలో, చదునైన గచ్చు మీద దానికి సాటి లేదు. కానీ పుట్టసింగి వైపు కొండవాలు మీద దాన్ని విప్పితే ఒక రెక్క గాలిలో, ఒక రెక్క మట్టిలో ఉంటుంది; కీళ్లలో ఇసుక చేరితే మూత పూర్తిగా పడదు. పైగా సామానంతా ఒక్క పెట్టెలోనే పెడితే ఇరవై కిలోలు దాటిపోతుంది. 18 అంగుళాల పైపు రెంచి ఒక్కటే రెండున్నర కిలోలకు తక్కువ ఉండదు. అమెరికాలో వృత్తి ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ, రెండు చేతులతో ఒంటికి దగ్గరగా పట్టుకుని అనువైన ఎత్తులో ఎత్తేవాడికే 23 కిలోలను హద్దుగా తీసుకుంటుంది. ఒక చేత్తో, పక్కకు ఒరిగి, గట్ల మీద నడుస్తూ మోసేవాడికి ఆ హద్దు ఎంతో తగ్గుతుంది. నా నడుము ఈ సంగతిని ఆ సంస్థ కన్నా ముందే నాకు చెప్పింది. నలభై దాటిన తరువాత ఆ పెట్టెను ఇంటికే పరిమితం చేసి, సామానును మూడుగా విడగొట్టాను.

మొదటిది భుజాన వేసుకునే చిన్న సంచి. దీన్ని నేను చూపు సంచి అంటాను, ఎందుకంటే మొదట లోపం ఏమిటో చూడడానికి ఇది చాలు. ఇందులో టెస్టరు, మల్టీమీటరు, క్లాంపు మీటరు, రెండు స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, కొలత టేపు ఉంటాయి. "మోటారు కాలిపోయింది, బోరులోంచి తీయాలి" అని వచ్చే పిలుపుల్లో చాలావాటికి లోపం బోరులో ఉండదు, గోడకు తగిలించిన స్టార్టరు పెట్టెలో ఉంటుంది: కెపాసిటరు చచ్చిపోవడం, రిలే అతుక్కోవడం, బల్లి దూరి కాలిపోవడం, స్క్రూ వదులై తీగ మాడిపోవడం. ఈ చిన్న సంచితో వెళ్లి పావుగంట చూస్తే అది తేలిపోతుంది. బరువు సంచులను బండి మీద నుంచి దించే పనే ఉండదు. తీగల్లో కరెంటు దారి తెగిందో లేదో పరీక్షించడానికి వరసలో కలిపే సీరీస్ బల్బు కూడా ఇందులోనే ఉంటుంది. పాత స్టీలు గ్లాసులో గుడ్డ చుట్టి పెడతాను, ఇన్నేళ్లలో గతుకుల దారిలో ఒక్క బల్బూ పగలలేదు. కెపాసిటరులో మిగిలిన కరెంటును దించడానికి కూడా ఆ బల్బునే వాడతాను, స్క్రూడ్రైవరును అడ్డం పెట్టను.

రెండోది కరెంటు పనిముట్ల సంచి. దీన్ని విడిగా ఉంచడానికి కారణం బరువు కాదు, పిడుల తొడుగులు. 1000 వోల్టుల వరకు తట్టుకుంటాయని ముద్రించి, జంట త్రికోణాల గుర్తుతో వచ్చే ప్లేయర్లూ స్క్రూడ్రైవర్లూ ఇనుమును అరగదీసే ఆకురాళ్లతోనూ (ఫైళ్లతోనూ), రంపపు బ్లేడుతోనూ, ఉలులతోనూ కలిసి పడి ఉంటే, వాటి తొడుగు మీద సన్నని కోతలు పడతాయి. ఆ కోతలు వేలికి తగలవు, కంటికి ఆనవు. చెమట పట్టిన చెయ్యి ఆ కోత మీద పడిన రోజున తెలుస్తుంది. అందుకని ఈ సంచిలోకి అంచు ఉన్నది ఏదీ రాకూడదని నియమం పెట్టుకున్నాను. స్ట్రిప్పరుకు మాత్రం రెక్సిన్ తొడుగు కుట్టించాను. తొడుగు పగిలిన ప్లేయరును కరెంటు సంచిలోంచి తీసేసి, పైపు పనికి వాడుకుంటాను. దాని మీద టేపు చుట్టి మళ్లీ కరెంటు పనికి వాడడం నాకు సమ్మతం కాదు.

మూడోది బరువు సంచి: పైపు రెంచులు రెండు, సుత్తులు రెండు, హాక్సా, ఇనుప ఉలులు, ఆకురాళ్లు, పైన రెండు పానాల చుట్టలు. అడుగున కన్వేయరు బెల్టు ముక్కను కోసి పరిచాను. దానివల్ల సంచి అడుగు కుంగదు, ఎక్కడ పెట్టినా నిలబడుతుంది. రెంచులు రెండూ తలలు కిందికి, పిడులు పైకి ఉండేలా ఎదురెదురు మూలల్లో నిలబెడతాను. బరువు ఒక వైపే ఉంటే మలుపుల్లో బండి లాగుతుంది. సంచి బయటి వైపు చాలా జేబులు ఉన్నవి బజారులో ఆకర్షణగా కనిపిస్తాయి గానీ, మా దారులకు వాటిని కొనవద్దనే చెబుతాను. బయటి జేబులోకి మొదట ఎర్రదుమ్ము చేరుతుంది, తరువాత వాన చేరుతుంది, ఆ తరువాత అందులో పెట్టింది ఏ ఘాటు మలుపులోనో జారిపోతుంది. సాకెట్ల (బోల్టు తల మీద తొడిగి తిప్పే గొట్టాల) సెట్టుతో వచ్చే అచ్చు పెట్టెను మాత్రం పారేయవద్దు. ప్రతి సాకెట్టుకూ దాని గుంట అందులో ఉంటుంది కనుక, ఖాళీ చూపించడంలో అది మన చుట్టకన్నా మెరుగైనది. దాని గొళ్లెం విరిగితే సైకిలు ట్యూబు ముక్క ఒకటి బిగించి వాడుకోవచ్చు. నేనయితే సాకెట్ల సెట్టును ఇంట్లోనే ఉంచుతాను.

తుప్పు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లానూ మా వైపునూ కుదిపేసినప్పుడు నా బరువు సంచీ, అప్పటికింకా వాడుతున్న ఇనుప పెట్టే కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున ఒక రైతు పంపు షెడ్డులో ఉన్నాయి. మర్నాడు పని ఉంది కదా అని అక్కడే వదిలివచ్చాను. నది షెడ్డులోకి వచ్చింది. నేను మళ్లీ అక్కడికి వెళ్లగలిగే సరికి రెండూ ఒండ్రులో కూరుకుపోయి ఉన్నాయి. ఆ తరువాత కొన్ని వారాలపాటు ఒడ్డు వెంట మునిగిన మోటార్లే పని, ఆ పనికి కావలసిన పనిముట్లేమో బురదలో. అప్పుడు గమనించిన విషయం ఒకటి ఉంది. పెట్టెలో ఉన్నవి ఒండ్రు కడిగి ఆరబెడితే చాలావరకు కోలుకున్నాయి. కాన్వాసు చుట్టలో ఉన్నవి, పైకి శుభ్రంగా కనిపించినా, గుడ్డ ఆనిన చోటల్లా తుప్పు గుంటలు పడ్డాయి. కాన్వాసు నీటిని పట్టుకుని ఇనుముకు అదిమి ఉంచుతుంది. తోలు సంచి అయితే తేమకు తోడు తోలును పదును చేయడానికి వాడిన ఉప్పులు కూడా కలుస్తాయి. అంటే నేను ఇంతగా మెచ్చుకుంటున్న చుట్టకు ఉన్న పెద్ద లోపం ఇదే, దాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఇంటికి రాగానే చుట్టలు విప్పి, పానాలు తీసి, గుడ్డను దండెం మీద వేసి తీరాలి. ఒక్క రాత్రి బద్ధకించినా తెల్లవారేసరికి గోధుమరంగు మచ్చ పడుతుంది.

తడిసిన పనిముట్లను ముందు మంచినీటితో కడగాలి. బురద మీదనే నూనె పూస్తే బురదా నూనే కలిసి పైపు రెంచి మరలో గట్టిపడతాయి. ఎండలో బాగా ఆరిన తరువాత పాత బనీను గుడ్డను మిషన్ నూనెలో ముంచి, పిండి, పలుచగా తుడిస్తే చాలు. నూనె కారేలా పూస్తే దుమ్ము పడుతుంది, చేతిలో జారుతుంది. పెట్టెలో కర్పూరం బిళ్లలు వేసే అలవాటు మా పెద్దవాళ్లలో ఉంది. మూత గట్టిగా పడే పెట్టెలోనే దానివల్ల ప్రయోజనం, తెరిచి ఉండే సంచిలో కర్పూరం కరిగిపోవడమే తప్ప మరేమీ ఉండదు. తేమను పీల్చే సిలికా గుళికల పొట్లాలు మందుల డబ్బాల్లోనూ చెప్పుల పెట్టెల్లోనూ వస్తాయి, వాటిని దాచుకుని మీటర్ల సంచిలో వేస్తాను. రంగు మారే నీలి గుళికలు దొరికితే ఇంకా మంచిది. తేమ నిండితే గులాబీ రంగుకు తిరుగుతాయి, వేడిచేస్తే మళ్లీ నీలం అవుతాయి.

ఆకురాయికి మాత్రం నూనె తగలకూడదు. నూనె పడితే ఇనుపపొడి పళ్లలో పేరుకుని, అది జారుతుందే తప్ప కోయదు. సుద్దముక్కతో రుద్ది పెడితే తేమనూ పీలుస్తుంది, పొడినీ పట్టనివ్వదు. ఆకురాళ్లు ఒకదానికొకటి తగలకుండా ఉండడం ఇంకా ముఖ్యం. గట్టి ఉక్కు గట్టి ఉక్కును కొరుకుతుంది. బండి మీద రోజంతా అదిరితే కొత్త ఆకురాయి కూడా ఏడాదిలో పాతబడుతుంది. మూడింటికీ మూడు పైపు ముక్కలు తొడుగులుగా చేశాను, ఆ పైపు ముక్కల నోళ్ల చుట్టూ ఎర్ర రంగు వేశాను. ఖాళీ తొడుగు ఎర్రటి నోరు తెరుచుకుని కనిపిస్తుంది.

మేకులు, స్క్రూలు, థింబుల్స్, టెఫ్లాన్ టేపు, ఫ్యూజు తీగ లాంటివి వాడితే తరిగిపోయేవి కనుక వాటిని ఈ 43 లెక్కలోకి కలపను. మూత ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలు రెండు చాలు.

పేర్ల విషయం ఒకటి ఉంది. మా ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కొండ మీది పల్లెల్లో సవర. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకున్న ప్రాంతమిది. నాకు మాత్రం పనికి సరిపడా సవర మాటలే వచ్చు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడు సవర పల్లె నుంచి వచ్చినవాడు, బడిలో ఒడియా చదివినవాడు. సుత్తి అంటే హాతుడి అని, రంపం అంటే కరత అని అతను మనసులో తర్జుమా చేసుకుని తెచ్చేవాడు. మొదట్లో నేను జేబుల మీద తెలుగులో పేర్లు రాశాను. అవి అతనికి పనికిరాలేదు. అతనే ఒకనాడు, "అన్నయ్యా, రాయకు, బొమ్మ వెయ్యి" అన్నాడు. మార్కరు పెన్నుతో ప్రతి జేబు మీద ఆ పనిముట్టు రూపురేఖను గీసి, పానాలకు అంకెలు మాత్రం వేశాం. ఆ గీతల వల్ల నాకు ఊహించని మేలు జరిగింది. సామాను ఎత్తే పని అతనికి అప్పగించి నేను రైతుతో లెక్క చూసుకుంటున్నా, ఏ భాషలోనూ అడగనక్కరలేకుండా అన్నీ వాటి చోట్లకు చేరుతున్నాయి. ఇప్పుడతను సొంతంగా పని చేసుకుంటున్నాడు. అతని చుట్టలో ఎరుపుకు బదులు పసుపు పట్టీ ఉంది, అది రాత్రిపూట ఇంకా బాగా కనిపిస్తుందని అతని వాదన. రెండూ పక్కపక్కన పరిచి చూశాను. అతను చెప్పింది నిజమే. నా చుట్టలు చిరిగిన తరువాత కుట్టించేవాటికి పసుపే పెట్టిస్తాను.

బోరు దగ్గర చుట్టను ఎక్కడ పరుస్తామన్నది కూడా సర్దుబాటులో భాగమే. మూతికి కనీసం రెండు బారల దూరంలో, మనుషులు పైపు పట్టుకుని నడిచే దారికి అవతల పరుస్తాను. పైపు ఎత్తే సమయం తప్ప మిగతా వేళల్లో బోరు మూతిని తడిపిన గోనెసంచితో చుట్టి మూసి ఉంచుతాను. మూతి మీద పని చేసే రెండు పానాలకు పిడి వైపు నైలాను తాడు ఉంటుంది, దాని రెండో కొస మణికట్టుకు వేసుకుంటాను. తాడు అడ్డమని కొందరు విప్పేస్తారు. రెండు రోజులు ఓర్చుకుంటే చెయ్యి దానికి అలవాటు పడుతుంది.

అరువు ఇచ్చేటప్పుడు లెక్క తప్పకుండా ఉండడానికి చిన్న ఏర్పాటు ఉంది. పనిముట్టు తీసుకున్నవారి పేరూ తేదీ రాసిన అట్టముక్కను ఆ జేబులోనే పెడతాను. అట్టముక్క ఉన్న ఖాళీ వేరు, అట్టముక్క లేని ఖాళీ వేరు. ఈ రోజు నేను బత్తిలి నుంచి తిరిగివచ్చి చుట్టలు విప్పి ఆరబెట్టేటప్పుడు రింగ్ పానాల వరసలో ఒకచోట ఎరుపు కనిపించింది, అందులో అట్టముక్క ఉంది: 14–15, పద్మపురం పిండిమిల్లు, సోమవారం. మిల్లు బెల్టు మార్చే పని ఇంకా ముగియలేదట. మిగిలిన 42 ఇక్కడ నా ముందు ఉన్నాయి.